కమాను పట్టీ నుంచి కాయిలోవర్ దాకా: కారు సస్పెన్షన్‌లో 'సర్దుబాటు' భావన – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

రోజువారీ ప్రయాణానికి వాడే కారుకు సర్దుబాటు చేసుకోదగిన కాయిలోవర్ సస్పెన్షన్ అమర్చుకోవడాన్ని సాధారణంగా రేసు సాంకేతికత వీధికి దిగివచ్చిన ఘట్టంగా వర్ణిస్తుంటారు. ఈ వర్ణన సగమే నిజమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. స్ప్రింగునూ డ్యాంపర్‌నూ ఒకే గొట్టంలో కూర్చడం, వాటి బిగువును మార్చుకోగలగడం అనే రెండు ఆలోచనలూ మామూలు రోడ్డు అవసరాల నుంచే రూపుదిద్దుకున్నాయి. పందెపు మైదానం వాటిని తన షరతులకు అనుగుణంగా మలిచి తిరిగి వీధికి అప్పగించింది. ఈ క్రమాన్ని వివరించి, ఎంపికకు అది అందించే కొలమానాలను భారతీయ రోడ్ల, చట్టాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సస్పెన్షన్, కాయిలోవర్, డ్యాంపర్, మెక్‌ఫర్సన్ స్ట్రట్, సహజ పౌనఃపున్యం, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

ఒక వస్తువుకు వేర్వేరు భాషలు పెట్టుకున్న పేర్లను పక్కపక్కన ఉంచి చూస్తే, ఆ వస్తువులో ఏది ప్రధానమని ఆయా సమాజాలు భావించాయో తెలుస్తుంది. డ్యాంపర్ చుట్టూ చుట్టస్ప్రింగు తొడిగిన అమరికను ఆంగ్లంలో 'కాయిలోవర్' అంటారు. స్ప్రింగు ఎక్కడుందో ఆ పేరు చెబుతుంది. ఎత్తు మార్చుకునే రకాన్ని జపనీయులు 'షకోచో' అంటారు. అది 'బండి ఎత్తు సర్దుబాటు' అనే అర్థమిచ్చే మాటకు కుదింపు. జర్మన్లు 'గెవిండెఫార్‌వెర్క్' అంటారు. అంటే మరచుట్లు గల నడక యంత్రాంగం. ఒక పేరులో స్ప్రింగు స్థానం, మరొకదానిలో ఎత్తు, ఇంకొకదానిలో మరచుట్టు ఉన్నాయి. కారు నడకను అధికంగా శాసించే డ్యాంపర్ మాత్రం మూడింటిలోనూ లేదు.

మన వ్యవహారంలో డ్యాంపర్‌కు దక్కిన 'షాక్ అబ్జార్బర్' అనే పేరు కూడా సరికాదు. గతుకు దెబ్బను ముందుగా మింగేది స్ప్రింగు. మింగిన శక్తితో అది పైకీ కిందికీ ఊగుతూ ఉండకుండా, ఆ శక్తిని వేడిగా మార్చి వదిలించేది డ్యాంపర్. ఈ రెండు పనుల నడుమ ఉన్న తేడాను గుర్తించడంలోనే సస్పెన్షన్ చరిత్ర అంతా ఇమిడి ఉంది. కాయిలోవర్ ఎంపికలో జరిగే పొరపాట్లు కూడా చాలావరకు ఈ తేడాను మరవడం వల్లనే జరుగుతాయి.

2. కమాను పట్టీ – రాపిడి డ్యాంపర్:

స్ప్రింగు సాగుదల దానిపై పడిన బలానికి అనులోమానుపాతంలో ఉంటుందన్న సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1676లో అక్షరాలు తారుమారు చేసిన చిక్కుముడిగా ప్రకటించి, 1678లో విప్పి చెప్పాడు. బండ్ల తయారీలో మాత్రం సిద్ధాంతం కంటే కమ్మరి అనుభవమే చాలాకాలం దారి చూపింది. 19వ శతాబ్ది ఆరంభంలో ఇంగ్లండులో ఒబదయా ఇలియట్ పేటెంటు పొందిన దీర్ఘవృత్తాకార కమాను పట్టీలు గుర్రపు బండ్ల నిర్మాణాన్ని మార్చివేశాయి. మన ఊళ్లలో ఎడ్లబండికి లేని మెత్తదనం జట్కాకు ఉండటానికి కారణం కూడా ఈ కమానులే.

కమాను పట్టీలో ఒక సహజ గుణం ఉంది. ఒకదానిపై ఒకటి పేర్చిన పట్టీలు వంగేటప్పుడు పరస్పరం రాసుకుంటాయి. ఆ రాపిడి ఊపును కొంతవరకు అణచివేస్తుంది. అంటే కమాను ఏకకాలంలో స్ప్రింగుగానూ, అరకొర డ్యాంపర్‌గానూ పనిచేస్తుంది. గుర్రం వేగానికి అది సరిపోయింది. మోటారు వేగానికి చాలలేదు. ఫ్రాన్స్‌లో ట్రుఫో రూపొందించగా, అమెరికాలో ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ 1904 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చిన రాపిడి డ్యాంపర్ ఈ లోటును పూరించింది. కత్తెర ఆకారంలోని రెండు చేతుల మధ్య రాపిడి బిళ్లలు ఉంచి, వాటిని నట్టుతో బిగించేవారు. నట్టు బిగిస్తే బండి బిరుసెక్కేది, వదులు చేస్తే మెత్తబడేది. సస్పెన్షన్‌లో 'సర్దుబాటు' అనే భావనకు తొలి స్పష్టరూపం ఈ నట్టే.

ఇది రేసుల కోసం పుట్టిందా, రోడ్డు కోసం పుట్టిందా అనే ప్రశ్న ఆ కాలానికి వర్తించదు. తొలినాటి ప్రధాన పందేలు ప్రజలు నడిచే రోడ్ల మీదే జరిగేవి. ప్రాణనష్టం కారణంగా బోర్డో వద్దే నిలిపివేసిన 1903 నాటి ప్యారిస్–మాడ్రిడ్ పందెం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఇంగ్లండులో పందేలకే ప్రత్యేకంగా నిర్మించిన బ్రూక్‌లాండ్స్ మైదానం 1907లో ప్రారంభమైంది. మైదానం, రోడ్డు వేరుపడిన తరువాతే వాటి సస్పెన్షన్ల అవసరాలు కూడా వేరుపడ్డాయి.

రాపిడి డ్యాంపర్‌కు ఒక మౌలిక లోపం ఉంది. కదలిక మొదలవడానికి కావలసిన బలం, కదులుతుండగా కావలసిన బలం కంటే ఎక్కువ. అందువల్ల చిన్న గతుకుల మీద అది దాదాపు బిగుసుకుపోయి దెబ్బను నేరుగా మనిషికి చేరవేస్తుంది. పెద్ద గతుకు మీద చాలినంత అడ్డుకోదు. సన్నని రంధ్రాల గుండా నూనెను నెట్టే హైడ్రాలిక్ డ్యాంపర్ దీనికి భిన్నంగా, కదలిక వేగం పెరిగినకొద్దీ ప్రతిఘటన పెంచుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన మోరిస్ హుదాయ్ రూపొందించిన హైడ్రాలిక్ డ్యాంపర్లు 1927 చివరలో వచ్చిన ఫోర్డ్ మోడల్ ఏ కారుతో సామాన్యుల వాహనంలోకి ప్రవేశించాయి. 1930లలో కొన్ని రోల్స్‌రాయిస్, బెంట్లీ కార్లలో స్టీరింగ్ మధ్యనున్న చిన్న లీవరుతోనే డ్యాంపర్ బిగువు మార్చుకునే ఏర్పాటు ఉండేది. అవి పందెపు కార్లు కావు. ఊళ్లో నెమ్మదిగా, ఊరి వెలుపల వేగంగా, ఒకసారి ఒంటరిగా, మరోసారి నిండు బరువుతో సాగే ప్రయాణాల కార్లు.

3. సర్దుబాటు అధికారం ఇంజనీరు చేతికి:

చుట్టస్ప్రింగులో పట్టీల రాపిడి ఉండదు. ఒకసారి ఊగితే చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. కనుక చుట్టస్ప్రింగును కారులోకి తెచ్చినవారు డ్యాంపర్‌ను కూడా దాని వెంటే తేవలసి వచ్చింది. కాయిలోవర్ అనే జంట అలంకారం కోసం ఏర్పడింది కాదు, ఈ భౌతిక అనివార్యత వల్ల ఏర్పడింది. 1922లో విన్చెన్జో లాన్చియా సంస్థ విడుదల చేసిన లాంబ్డా కారు ముందు చక్రాల వద్ద చుట్టస్ప్రింగునూ హైడ్రాలిక్ డ్యాంపర్‌నూ ఒకే నిలువు గొట్టంలో కూర్చింది. అదీ రోడ్డు కారే.

ఏ మేరకు మెత్తగా ఉండాలన్న ప్రశ్నను శాస్త్రీయంగా పరిశీలించినవారిలో మోరిస్ ఒలీ ముఖ్యుడు. రోల్స్‌రాయిస్ నుంచి 1930లో అమెరికాలోని కాడిలాక్ సంస్థకు వెళ్లిన ఈ ఇంజనీరు, ఒక కారుకు ముందూ వెనుకా జరపగల బరువులు అమర్చి, వాటి స్థానాలూ స్ప్రింగులూ మారుస్తూ అందులో ప్రయాణించి ఫలితాలను పోల్చాడు. ముందు స్ప్రింగులు వెనుకవాటి కంటే మెత్తగా, అంటే తక్కువ పౌనఃపున్యంతో ఉంటే ప్రయాణం సమతలంగా సాగుతుందని తేల్చాడు. కారణం సులభం. ఒకే గతుకును ముందు చక్రం ముందుగా, వెనుక చక్రం ఆలస్యంగా తాకుతాయి. ఇరుసుల మధ్య 2.45 మీటర్ల దూరం గల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఆ ఆలస్యం సుమారు 0.15 సెకను. వెనుక భాగం కొంచెం వేగంగా ఊగితే ఈ ఆలస్యం పూరింపబడి, ముందూ వెనుకా కలిసి ఊగుతాయి. లేకుంటే కారు తూగుటుయ్యాలలా ముందుకూ వెనుకకూ ఊగిసలాడుతుంది. 1934లో జనరల్ మోటార్స్ కార్లకు వచ్చిన స్వతంత్ర ముందు సస్పెన్షన్ వెనుక ఈ పరిశోధన ఉంది.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత జనరల్ మోటార్స్‌లో 'షెవ్రొలే క్యాడెట్' అనే చవకైన చిన్నకారు పథకంపై పనిచేస్తూ ఎర్ల్ మెక్‌ఫర్సన్ ఒక ఉపాయం ఆలోచించాడు. డ్యాంపర్ గొట్టాన్నే చక్రాన్ని నిలబెట్టే స్తంభంగా వాడి, దాని చుట్టూ స్ప్రింగు తొడిగితే పైచేయి అవసరం ఉండదు, ఖర్చూ స్థలమూ కలిసివస్తాయి. 1947లో ఆ పథకం రద్దయింది. ఆయన ఫోర్డ్ సంస్థకు మారాడు. 1950లో ప్రదర్శితమైన బ్రిటిష్ ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లతో ఆ స్ట్రట్ విస్తృత ఉత్పత్తిలోకి వచ్చింది. భారతదేశంలో అంబాసిడర్ ముందు భాగంలో టార్షన్ బార్లు, వెనుక కమాను పట్టీలు ఉండేవి. 1983లో వచ్చిన మారుతి 800 ముందు చక్రాల వద్ద మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంది. మన మధ్యతరగతి కుటుంబాలకు స్ప్రింగు–డ్యాంపర్ జంట పరిచయమైంది పందెపు కారు ద్వారా కాదు, ఈ చిన్నకారు ద్వారానే.

ఈ దశలో జరిగిన మౌలికమైన మార్పు అధికారానికి సంబంధించినది. హార్ట్‌ఫర్డ్ నట్టు కారు యజమాని చేతిలో ఉండేది. ఒలీ, మెక్‌ఫర్సన్‌ల తరువాత స్ప్రింగు బిరుసు, డ్యాంపర్ బిగువు, కారు ఎత్తు పరస్పరం ముడిపడిన ఒకే నిర్ణయంగా కర్మాగారంలోనే ఖరారయ్యాయి. సగటు కొనుగోలుదారునికి సర్దుబాటు అవసరం లేకుండా చేయడమే ఇంజనీరు విజయంగా భావించబడింది.

4. మైదానం మలచిన రూపం:

1950లలో బ్రిటిష్ పందెపు కార్ల నిర్మాతలు ఈ జంటను తమ అవసరానికి స్వీకరించారు. లోటస్ సంస్థాపకుడు కోలిన్ చాప్‌మన్ మెక్‌ఫర్సన్ సూత్రాన్ని వెనుక చక్రాలకు అన్వయించి 1957 నాటి లోటస్ ట్వెల్వ్‌లో వాడాడు. అదే దశకంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బూర్సియే ద కార్బన్ రూపకల్పనతో ఏకగొట్టపు గ్యాస్ డ్యాంపర్ ఆచరణలోకి వచ్చింది. పీడనంలో ఉన్న గ్యాసును తేలియాడే పిస్టన్‌తో నూనె నుంచి వేరుచేయడం వల్ల, ఎడతెగని కదలికలోనూ నూనె నురుగెత్తి బలం కోల్పోకుండా ఉంటుంది. సర్దుబాటు డ్యాంపర్లకు పేరుపొందిన డచ్ సంస్థ కోనీ 1857లో గుర్రపు సామగ్రి తయారీతో మొదలైందన్నది గమనించదగిన విషయం. 1976లో స్వీడన్‌లో కెంత్ ఓలిన్స్ నెలకొల్పిన సంస్థ మోటోక్రాస్ ద్వారా ఖ్యాతి పొందింది.

మైదానంలో సర్దుబాటుకు ప్రత్యేక అర్థం ఉంది. అక్కడ ఉపరితలం తెలిసినదే. బరువు దాదాపు స్థిరం. తీసుకున్న నిర్ణయం సరైనదో కాదో గడియారం ఒక చుట్టులోనే చెబుతుంది. నాలుగు చక్రాల మీది బరువులను తూకం వేసి సమతూకం చేయడానికి మరచుట్ల గొట్టం, మలుపులో ఒరుగుదల తగ్గించడానికి బిరుసు స్ప్రింగు, గరిమనాభిని దించడానికి తక్కువ ఎత్తు అవసరమయ్యాయి. 1990ల నుంచి వీధి మార్కెట్టుకు వచ్చినది ఈ రూపమే. జపాన్‌లో 1995లో మార్పిడి భాగాలపై ఆంక్షలు సడలించడం ఈ మార్కెట్టు విస్తరణకు తోడ్పడింది. అయినా కారు అడుగుకూ నేలకూ మధ్య కనీసం 9 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలన్న తనిఖీ నియమం అక్కడ ఉంది. జర్మనీలో విడిభాగానికి నిపుణుల ధ్రువపత్రం, అమర్చిన పిదప వాహన తనిఖీ ప్రధానం. రెండు దేశాలూ యజమానికి స్వేచ్ఛనిస్తూనే, ఆ స్వేచ్ఛకు కొలతతో కూడిన హద్దు గీశాయి.

5. ఎంపికకు చరిత్ర ఇచ్చే కొలమానాలు:

పై చరిత్రను బట్టి వీధి కారుకు కాయిలోవర్ ఎంచుకునేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న 'ఎంత దించవచ్చు?' అన్నది కాదు. 'ఏ పౌనఃపున్యంలో ఊగుతుంది?' అన్నది. కారు బరువుకు స్ప్రింగు ఎంత కుంగుతుందో తెలిస్తే ఇది సులభంగా లెక్కకు వస్తుంది. కుంగుదలను మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలంతో 0.5ను భాగిస్తే సహజ పౌనఃపున్యం హెర్ట్జ్‌లలో వస్తుంది. 1.3 హెర్ట్జ్‌తో ఊగే కారులో ఈ కుంగుదల సుమారు 15 సెంటీమీటర్లు. 2 హెర్ట్జ్‌కు పెంచితే అది 6 సెంటీమీటర్ల చిల్లరకు పడిపోతుంది. దీని పర్యవసానం కేవలం కుదుపు కాదు. చక్రం గుంతలోకి దిగేటప్పుడు దానిని కిందికి నెట్టేది ఈ కుంగుదలలో దాగిన బలమే. చక్రం సొంత బరువును పక్కన పెడితే, 6 సెంటీమీటర్ల కంటే లోతైన గుంతలో బిరుసు స్ప్రింగు చక్రాన్ని నేలకు నొక్కలేదు. పట్టు కోసం కొన్న పరికరం గతుకుల రోడ్డు మీద పట్టునే పోగొట్టవచ్చు.

రెండవది డ్యాంపర్ పొందిక. ఊపును ఒకే పాలులో అణచాలంటే స్ప్రింగు బిరుసు రెట్టింపైనప్పుడు డ్యాంపర్ బలం రెండు వర్గమూలం మేరకు, అంటే సుమారు 1.4 రెట్లు పెరగాలి. పాత డ్యాంపర్ మీద కొత్త బిరుసు స్ప్రింగు వేస్తే కారు బంతిలా ఎగురుతుంది. అతిగా బిగించిన డ్యాంపర్ రాపిడి డ్యాంపర్ నాటి లోపాన్ని తిరిగి తెస్తుంది. అమ్మకపు ప్రకటనలు 'క్లిక్కుల' సంఖ్యను గొప్పగా చెబుతాయి. ముప్పై క్లిక్కులు ఉండటం ముఖ్యం కాదు. ప్రతి క్లిక్కుతో ఏ వేగం వద్ద ఎంత బలం మారుతుందో చూపే పరీక్షా రేఖాపటం ముఖ్యం. అది ఇవ్వలేని తయారీదారు వస్తువును నమ్మకంగా సర్దుకోవడం సాధ్యం కాదు.

మూడవది ఎత్తు మార్చే పద్ధతి. స్ప్రింగు కింది పళ్లేన్ని మాత్రమే తిప్పి కారును దించితే, డ్యాంపర్ లోపలి కడ్డీకి పైకి కదిలే జాగా ఆ మేరకు తగ్గుతుంది. కింది భాగం కూడా మరచుట్ల మీద తిరిగి మొత్తం పొడవు మారే రకంలో ఆ జాగా మిగులుతుంది. అయితే ఆ రకంలోనూ టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య దూరం మిగలదు. మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కారులో మరో చిక్కుంది. కారును దించినప్పుడు కింది చేయి వాలు మారి, కారు ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతుందో ఆ బిందువు గరిమనాభి కంటే వేగంగా కిందికి జారుతుంది. రెంటి మధ్య దూరం పెరిగి, కారును ఒరిగించే బలానికి పట్టు చిక్కుతుంది. దాన్ని అదుపు చేయడానికి ఇంకా బిరుసు స్ప్రింగు వేయవలసి వస్తుంది. దించడం వల్ల కలిగే లాభాన్ని దించడమే హరిస్తుంది.

నాలుగవది బరువులోని మార్పు. పందెపు కారులో ఒక్క చోదకుడే ఉంటాడు. వీధి కారులో ఒకరోజు ఒక్కరు, మరోరోజు ఐదుగురు, వారి సామాను. ఈ తేడా 300 కిలోగ్రాములు దాటుతుంది. కనుక చోదకుడు ఒక్కడే కూర్చున్నప్పుడు కాక, నిండు బరువుతో ఉన్నప్పుడు కారు ఎంత ఎత్తులో ఉందో కొలిచి ఎంపిక చేయాలి.

6. మన రోడ్డు, మన చట్టం:

భారత రోడ్ల కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గంటకు 25 కిలోమీటర్ల వేగానికి ఉద్దేశించిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపు కలిగి ఉండాలి. ఇరుసుల మధ్య 2.45 మీటర్ల దూరం ఉన్న కారు దాని మీద నిలిచినప్పుడు నాలుగు చక్రాలూ ఆ వంపు మీదే ఉంటాయి. జ్యామితి ప్రకారం రెండు ఇరుసుల మధ్య వంపు పైకి లేచే ఎత్తు సుమారు 4.5 సెంటీమీటర్లు మాత్రమే. అంటే ప్రమాణబద్ధమైన స్పీడ్ బ్రేకర్‌ను నెమ్మదిగా దాటితే బాగా దించిన కారు కూడా తగలకుండా పోతుంది. మన కాలనీల్లో సిమెంటుతో పోసిన ఇరుకు దిబ్బ సంగతి వేరు. ముందు చక్రాలు దాన్ని దిగిపోయి, వెనుక చక్రాలు ఇంకా ఎక్కనప్పుడు దిబ్బ ఎత్తంతా కారు కడుపు కిందే ఉంటుంది. అది 12 సెంటీమీటర్లుంటే 12 సెంటీమీటర్లకు పైగా ఖాళీ కావాలి. 9 సెంటీమీటర్ల జపాన్ హద్దును ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోలేము.

చట్టం దృష్టిలో సర్దుబాటు అధికారం ఇంకా పరిమితం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణపరమైన మార్పునే ఆ సెక్షన్ వివరణ 'మార్పు'గా నిర్వచించింది. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం ఈ నిషేధాన్ని కఠినంగా అన్వయించింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షన్, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. జర్మనీలోలాగా భాగాన్ని పరీక్షించి నమోదు చేసే మధ్యేమార్గం యజమానికి సులభంగా అందుబాటులో లేనప్పుడు, రవాణా కార్యాలయం నుంచీ బీమా సంస్థ నుంచీ ముందుగా లిఖితపూర్వకంగా తెలుసుకోవడం అవసరం. ప్రమాదం జరిగిన తరువాత ఈ ప్రశ్న ఎదురైతే దాని బరువు యజమాని మీదే పడుతుంది.

7. ముగింపు:

సస్పెన్షన్ సర్దుబాటు ఒకప్పుడు యజమాని చేతి నట్టు. తరువాత అది ఇంజనీరు నిర్ణయమైంది. కాయిలోవర్‌తో మళ్లీ యజమాని చేతికి వచ్చింది. అయితే తిరిగి వచ్చినది నట్టు ఒక్కటే కాదు. స్ప్రింగు, డ్యాంపర్, ఎత్తు, చక్రాల కోణాల మధ్య ఒలీ వంటివారు కుదిర్చిన సమతూకాన్ని కాపాడే బాధ్యత కూడా దానితోపాటే వచ్చింది. ఆ బాధ్యతను స్వీకరించగలవారికి కాయిలోవర్ ఉపయోగకరమైన పరికరం. కర్మాగారపు పౌనఃపున్యానికి దగ్గరగా ఉండే స్ప్రింగులు, వాటికి పొందిన డ్యాంపర్లు, పూర్తి బరువుతోనూ మిగిలే కదలిక జాగా ఉన్న జత వీధికి తగినది. వాటిని అమర్చిన పిదప చక్రాల కోణాలూ, హెడ్‌లైట్ల దిశా తిరిగి సరిచేయించాలి. అంత శ్రద్ధ వహించలేనప్పుడు, అరిగిన డ్యాంపర్ల స్థానంలో కర్మాగార ప్రమాణానికి తగిన కొత్తవి వేయించుకోవడమే మేలు.

'రేసు నుంచి వీధికి' అనే కథనం వస్తువుకు గౌరవం తెస్తుంది గానీ, దాని పుట్టుకను మరుగుపరుస్తుంది. లాన్చియా లాంబ్డా, షెవ్రొలే క్యాడెట్, మన మారుతి 800 వరుసలో చూసినప్పుడు ఈ పరికరం వీధికి వచ్చిన అతిథి కాదు, వీధి బిడ్డేనని తేలుతుంది. కనుక దాని ఎంపికలో తీర్పు చెప్పవలసింది చుట్టు సమయాన్ని కొలిచే గడియారం కాదు. వెనుక సీటులో కూర్చున్న మనిషి నడుము, గుంతలోనూ నేలను వదలని టైరు.